దత్తు మనవరాలితో బోధన్ దాకా

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు నిజామాబాద్ టౌన్ జట్టును ఓడించి జిల్లా కప్పు ఎత్తుకొచ్చిన ఏడు, ఫైనల్లో రెండు గోల్సూ కొట్టింది గంగాధర్. అంటే నేనే. నమ్మనివాళ్లు బోధన్ పోయి చూసుకోవచ్చు. నల్ల చెక్క బోర్డు మీద తెల్ల రంగుతో నా పేరు రాసి ఉంది. రెండో గోలు మైదానం నడిమి నుంచి కొట్టాను. బంతి వలను చించుకొని వెనక నిలబడ్డ చెరుకు బండిలో పడింది. ఎద్దులు బెదిరి చెరుకు తూచే కాంటా దాకా పరుగు తీశాయి. ఈ కథ ఇప్పటికి తక్కువలో తక్కువ రెండు వందల మందికి చెప్పి ఉంటాను.

ఎద్దుల సంగతి అబద్ధం. ఆ మైదానంలో అసలు వలే ఉండేది కాదు. మిగతాది దారిలో చెబుతాను.

ఈ ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో మా గుమ్మం ముందు ఒక పొడుగాటి అమ్మాయి నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయి. చేతిలో విదేశాలకు రాసే పాత నీలం ఉత్తరం. దాని మీద మా చిరునామా, నా చేతిరాతలో.

"నేను దత్తు మనవరాల్ని. పేరు తార. మిమ్మల్ని ఆజా అనొచ్చా?" అంది. ఫిజీలో తాతను అలా అంటారట.

దత్తు నాతో పాటు బోధన్‌లో ఉండేవాడు. చెరుకు పాకాన్ని పెద్ద పాన్‌లో మరిగించి, ఎక్కడ ఆపితే గింజ కడుతుందో కంటితో చూసి చెప్పే పనివాడయ్యాడు. అలాంటి పనివాళ్లు కావాలని ఫిజీ చక్కెర మిల్లు పిలిస్తే వెళ్లి అక్కడే పెళ్లి చేసుకున్నాడు. కొడుకు ఆస్ట్రేలియాకు మారాడు. తార అక్కడే పుట్టింది, అక్కడి పాస్‌పోర్టే ఉంది. దత్తు మూడేళ్ల కింద ఫిజీలో పోయాడు.

తార ఫుట్‌బాల్ ఆడుతుంది. మన దేశపు ఆడపిల్లల జట్టు శిక్షణ శిబిరం వాళ్లు పిలిచి, నెల రోజులు చూసి, "ఆడగలవు. కానీ మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే జట్టులో చోటు" అన్నారట. మన పాస్‌పోర్టు కావాలంటే ఏడాది ఇక్కడ ఉండాలి. ఆపైన ఆస్ట్రేలియాది వదులుకోవాలి. రెండూ ఉంచుకోవడానికి వీల్లేదు. వారంలో ఏదో ఒక మాట చెప్పమన్నారు.

"మా నాన్న వద్దంటున్నాడు. అమ్మ నీ ఇష్టం అంటోంది. మా ఆజా మాత్రం బతికినన్నాళ్లూ 'నేను బోధన్‌వాణ్ణి' అనేవాడు. ఫైనల్లో రెండు గోల్స్ కొట్టానని, అవి బోర్డు మీద ఉన్నాయని చెప్పేవాడు. ఆ బోర్డు చూడాలి. ఆ ఊరు ఆయన్ను తనవాడనుకుందని తెలిస్తే నా జవాబు నాకు దొరుకుతుంది."

నేను తాగుతున్న టీ గొంతులో అడ్డం పడింది. వేడికి అని చెప్పాను.

నిజామాబాద్, పసుపు రంగు బూట్లు

తార మాట్లాడేది ఫిజీ చెరుకు తోటల్లో పుట్టిన హిందీ. నాది బోధన్ ఉర్దూ. ఒకరిది ఒకరికి ముప్పావు వంతు అర్థమవుతుంది. మిగతా పావు నవ్వుతో నెట్టుకొచ్చాం. ఇక్కడ అన్నీ తెలుగులోనే రాస్తున్నాను.

స్టేషన్ బయట ఒకావిడ గంపలో సర్వప్పలు పెట్టుకొని కూర్చుంది. పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె లోపల అద్ది కాల్చే మా వైపు రొట్టె. నా చిన్నప్పుడు పావలాకు చేతి నిండా వచ్చేది, ఇప్పుడు ముప్పై రూపాయలకు ఒకటి. తార ఒకటి తిని, ఇంకొకటి తిని, మూడోది చేతిలో పట్టుకొని, "మా ఆజా దీన్ని కర్రపెండలం పిండితో చేయబోయి రెండు గిన్నెలు మాడ్చాడు. మా నాయనమ్మ, ఆజీ, మూడోది ఇవ్వలేదు" అంది. ఆ ఒక్క మాటతో దత్తు నా పక్కన వచ్చి కూర్చున్నట్టయింది. వాడికి ఏదైనా మాడిపోయే దాకా పట్టేది కాదు, పాకం తప్ప.

పసుపు సీజన్ కదా, మార్కెట్ యార్డు చూపిద్దామని తీసుకెళ్లాను. షెడ్ల కింద నడుము ఎత్తున కుప్పలు. గాలి కూడా పసుపే. పది నిమిషాల్లో తార తెల్ల బూట్లు పెళ్లికూతురి కాళ్లలా తయారయ్యాయి. కుప్ప మీద నుంచి ఒక గడ్డ జారి పడితే, తార దాన్ని పాదంతో పైకి లేపి, మోకాలి మీద, మడమ మీద ఆడిస్తూ కింద పడనివ్వలేదు. హమాలీలు బస్తాలు దించి చప్పట్లు కొట్టారు. ఇదంతా నేను నేర్పిందేనని పక్కవాడితో అన్నాను. అతను నా మోకాళ్ల వైపు చూశాడు. 

ఆ కుప్ప ముప్కాల్ రైతుది. పేరు రాజన్న అన్నారు. యాభై దాటినవాడు, తలకు తువ్వాల. పిల్ల ఎవరని అడిగితే, మన దేశానికి ఆడటానికి వచ్చిందని కొంచెం గట్టిగానే చెప్పాను. నాలుగు షెడ్లకు వినిపించి ఉంటుంది.

రాజన్న నవ్వలేదు. "నా బిడ్డ గూడ ఆడుతది సార్. ఫుట్‌బాలే. పొద్దుగాల నాలుగు గొట్టంగనే లేసి కాలువ కట్ట మీద ఉరుకుతది. బూట్లు నిరుడు కొన్నయి, ఏలు బయటికొచ్చింది. గీ పిల్ల అక్కడ పచ్చగడ్డి మీద నేర్సుకొని వస్తే నా బిడ్డ జాగ ఏం గావాలె?"

"మంచిగ ఆడేటోళ్లు వస్తే దేశం గెలుస్తది గదా రాజన్నా" అన్నాను.

"గెలుస్తది. కాదంటలేను. గెల్సినప్పుడు మనోళ్లే అంటరు. ఓడినప్పుడు యాడికెల్లి వచ్చినవో ఆడికే పో అంటరు. గీ బిడ్డకు గది ఎవలన్న సెప్పిన్రా?"

ఆ మాటలన్నీ చెప్పమని తార పట్టుబట్టింది. చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు. ఆమె బూట్ల మీద పసుపు దులుపుకుంది. తర్వాత రాజన్న దగ్గరకు వెళ్లి, "మీ అమ్మాయి ఏ చోట ఆడుతుంది?" అంది.

"కుడి పక్క."

"నేనూ అదే."

రాజన్న ఆమెను ఎగాదిగా చూసి, కుప్పలోంచి మంచి కొమ్ములు ఏరి, నాలుగు ఆమె చేతిలో పెట్టాడు. "ఆడబిడ్డవు, ఉత్త చేతులతోని పోవద్దు" అన్నాడు. కోపం కోపంగానే ఉంది, మర్యాద మర్యాదగానే ఉంది. మా జిల్లాలో రెండూ ఒకే చేత్తో ఇస్తారు.

బోధన్ బస్సు

మర్నాడు బోధన్ బస్సెక్కాం. నా ఉద్యోగం రోజుల్లో జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే ఈ దారి పొడుగునా చెరుకు బండ్లే. బండి వెనక నడిచే పిల్లలు గడలు గుంజుకుంటారు, బండివాడు తిడతాడు, ఇంకో రెండు తనే విసురుతాడు. ఊరింకా మూడు మైళ్లుండగానే ముక్కుకు తెలిసేది. పాకం, మడ్డి, బూడిద కలిసిన వాసన. కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు ఆ వాసన లేని రోజు ఇంట్లో ఎవరో అలిగి పోయినట్టుండేది. సైరన్ కూస్తే గడియారాలు సరిచేసుకునేవాళ్లం. మా అమ్మ దానికి అన్నం దించేది.

ఇప్పుడు రెండు పక్కలా వరి. ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది. బస్సులోంచి పొగగొట్టం కనిపించగానే, "అదే, అదే" అని లేచి నిలబడ్డాను. డ్రైవర్ బ్రేకు వేశాడు. ఒక ముసలమ్మ ఒళ్లో పడ్డాను. "కూసో బాపూ, గది యాడికీ పోదు" అందావిడ. బస్సంతా నవ్వింది.

స్టాండు దగ్గర రసం బండి కనిపించింది. గ్లాసు ఇరవై. తారకు బోధన్ చెరుకు రుచి చూపించాలని రెండు చెప్పి, నేను గడను పళ్లతోనే ఒలుస్తానని ఒక ముక్క అడిగి తీసుకున్నాను. రెండో కొరుకులో కట్టించుకున్న పన్ను ఊడి చెరుకులో ఉండిపోయింది. తార దాన్ని కాగితంలో చుట్టి నా జేబులో పెట్టింది. నవ్వాపుకోలేక రసం ముక్కులోకి పోయింది ఆ పిల్లకు.

"గీ చెరుకు యాడిది తమ్మీ?" అనడిగాను బండివాణ్ణి.

"మహారాష్ట్రది సార్. గీడ యాడ పండిస్తున్రు?"

తార గ్లాసు ఖాళీ చేసి, "మా ఊరి రసం కంటే తీపి" అంది.  మాట్లాడితే పన్ను సందులోంచి గాలి పోతోందని తలూపాను.

ఖాదర్ సైకిల్ షాపు

మా జట్టు గోల్‌కీపర్ ఖాదర్. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఫ్యాక్టరీ క్లబ్బు మూతపడ్డప్పుడు విజేతల బోర్డును రిక్షాలో వేసుకొచ్చి తన సైకిల్ షాపు గోడకు కొట్టుకున్నాడు. మేకులు దొరికాయి కదా అని దానికే ట్యూబులు తగిలిస్తాడు.

"ఏందిరో గంగా, ఇంకా సావలేదా?"

"నిన్ను సాగనంపి పోదామని ఆగిన."

"పన్ను ముందుగాల్నే పంపినట్టున్నవు."

తార దత్తు మనవరాలని చెప్పగానే ఖాదర్ చేతిలోని పానా కింద పెట్టేశాడు. రెండు చేతులతో ఆమె తల నిమిరి, చాలాసేపు వదల్లేదు. "వాని నడకే. కుడికాలు కొద్దిగ బయటికి పడుతది సూడు" అన్నాడు నాతో. అప్పుడే చూశాను. నిజమే.

టీ తెప్పించాడు. తర్వాత బోర్డు మీది ట్యూబులు ఒక్కొక్కటీ తీశాడు. తెల్లరంగు అక్షరాలు బయటపడ్డాయి. తార వాటి ముందు నిలబడింది. ఆమెకు తెలుగు చదవడం రాదు.

"ఏది ఆజా? చదవండి."

రైల్లో, బస్సులో, సత్రంలో నేను లెక్కలేసుకుంటున్నది ఈ ఘడియ గురించే. ఏం చదివితే ఆ పిల్ల జవాబు ఏమవుతుందో నాకు తెలుసు. నా వేలు నా పేరు కింద పెట్టి, "దత్తు. రెండు గోల్స్" అని చదివాను.

ఖాదర్ దగ్గాడు.

తార కళ్లు మెరిశాయి. అక్షరాల మీద చెయ్యి వేసి నిలబడింది. వాళ్ల నాన్నకు పంపాలని ఫోను తీసింది. ఈ కాలపు ఫోన్ల సంగతి నాకు తెలియదు. ఏ భాషనైనా ఫోటో తీస్తే తనే చదివి ఇంగ్లీషులో చెబుతుందట. ఆమె ఫోను వంక చూసింది, బోర్డు వంక చూసింది, నా వంక చూసింది.

"ఇక్కడ గంగాధర్ అని ఉంది. అది మీ పేరు కదా?"

బయట ఎవరో టైరులో గాలి కొట్టుకుంటున్నారు. 

"గోల్స్ నీ తాతవే. పేరు నాది" అన్నాను.

చెప్పాను. ఫ్యాక్టరీ జట్టులో ఫ్యాక్టరీ మనుషులే ఆడాలి. ప్రతి పనివాడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. ఆట ముందు రెఫ్రీ ఒక్కొక్కరి బిళ్ళ చూసి పేరు రాసుకునేవాడు. దత్తుకు అప్పటికి బిళ్ళ లేదు. మంజీర నది అవతల మహారాష్ట్ర నుంచి గుంపుతో వచ్చి చెరుకు కొట్టే కూలీ. సీజను అయిపోతే వెళ్లిపోవాల్సినవాడు. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. చెప్పుల్లేని కాళ్లతో గుడ్డల బంతి ఆడుతుంటే మా కెప్టెన్ చూశాడు. బిళ్ళ ఉన్నవాణ్ణి ఆపి బిళ్ళ లేని మంచి ఆటగాణ్ణి దింపడం అప్పుడు అన్ని ఫ్యాక్టరీ జట్లలోనూ ఉన్నదే. అలా నా బిళ్ళ మెడలో వేసుకొని, నా పేరుతో, దత్తు ఫైనల్ ఆడాడు.

"ఆ పొద్దు నాకు నూటనాలుగు జ్వరం. అయినా జట్టు గెలవాలని నా బిళ్ళ నేనే తీసి వాడి మెడలో..."

"ఏం జరం?" అన్నాడు ఖాదర్. "జరం లేదు గిరం లేదు. నిన్ను ఆడిస్తే ఓడుతమని కప్తాన్ పక్కకు పెట్టిండు. బిళ్ళ ఇయ్యనని బండి కిందికి దూరినవు. నేనే కాళ్లు వట్టి బయటికి గుంజిన."

అదీ నిజమే. బండి కింద పేడ కూడా ఉండింది.

తార స్టూలు మీద కూర్చుంది. "మరి మీరు బోర్డు ఎందుకు తప్పు చదివారు?"

"నీ తాత పేరు లేదంటే నువ్వు వెళ్లిపోతావని."

"ఆయన అబద్ధం చెప్పలేదు. గోల్స్ బోర్డు మీద ఉన్నాయన్నాడు. ఉన్నాయి." కొంచెం ఆగి, "మీకెప్పుడూ చెప్పాలనిపించలేదా, అవి ఆయనవని?"

రాసిన ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనూ ఆ ఊసు ఎత్తలేదు. దత్తు కూడా ఎత్తలేదు. తొంభై నిమిషాలకు వాడు నా పేరు తీసుకున్నాడు. యాభై ఏళ్లు నేను వాడి ఆట తీసుకున్నాను. ఆ మాటే చెప్పి, ఆ పేరు ఇప్పుడే చెరిపేస్తానని ఖాదర్ గరుకు కాగితం అందుకున్నాను. తార నా చెయ్యి పట్టుకొని ఆపింది.

ఖాదర్ వైపు తిరిగి, "ఆయన గోల్ కొట్టినప్పుడు మైదానంలో ఏమని అరిచారు?" అంది.

"దత్తూ అనే బిడ్డా. ఇంకేమంటం? బిళ్ళ రెఫ్రీ కోసం. గ్రౌండంత దత్తూ దత్తూ అనే. గీ గంగడు గూడ గదే ఒర్రిండు. గొంతు పోయింది వీనికి."

అది నేను మరిచిపోయాను. పొగడ్తలన్నీ గుర్తుపెట్టుకున్నవాణ్ణి, నేను చేసిన ఒక్క మంచి పని మరిచిపోయాను.

మంజీర అవతల

మూడో రోజు ఆటో మాట్లాడుకొని ముగ్గురం నది దాకా వెళ్లాం. ఖాదర్ షాపు మూసి వచ్చాడు. దారిలో ఒక కల్లు మండువ దగ్గర ఆగాం, చూడటానికే అని చెప్పి తాగాం. ఖాదర్ సోడాతో సరిపెట్టుకున్నాడు. తార నాలుక చివరన పెట్టుకొని, ఫిజీలో కావా అనే వేరును నానబెట్టి పిండిన నీళ్లు ఇలాగే అందరూ కూర్చొని ఒకే చిప్పతో వరసగా తాగుతారని చెప్పింది. కొత్తవాడికి ముందు చిప్ప ఇస్తారట. తాగితే ఇంక ఎక్కడివాడని అడగరట. మేము బిళ్ళ అడిగేవాళ్లం.

వంతెన దగ్గర మధ్యాహ్నపు ఎండ. నీళ్లు సన్నగా, ఇసుక తెల్లగా ఉన్నాయి. అవతలి ఒడ్డున దత్తు పుట్టిన ఊరి చెట్లు. ఉడికించిన పల్లీలు అమ్మే ముసలామె తారను చూసి మరాఠీలో, "కుఠ్‌లీ గ తూ?" అంది. ఏ ఊరిదానివి అని. తాత నోట విన్న మాటే, తారకు అర్థమైంది. ఒకసారి అవతలి ఒడ్డు చూసింది, ఒకసారి మేం వచ్చిన దారి చూసింది.

"బోధన్" అంది.

ముసలామె తలూపి, పది రూపాయల పల్లీలకు ఇంకో గుప్పెడు కలిపింది. ఊరివాళ్ల కొసరు.

పల్లీలు తింటూ వంతెన గోడ మీద కూర్చున్నాం. కాసేపటికి తార, "మా ఆజా ఇంకొకరి పేరు మీద ఆడాడు. నేను నా పేరు మీదే ఆడతాను" అంది. ఆ మాటతో ఈ దేశానికి కుడి పక్క ఆడే ఒక మంచి ఆటగత్తె దొరికింది. ఒక ముసలివాడు నిజం ఒప్పుకోవడం వల్ల ఒక పాస్‌పోర్టు మారిందని నేను ధైర్యంగా రాస్తున్నాను.

ఇంత వరకూ రాసి, హైదరాబాద్ నుంచి ఖాదర్‌కు ఫోన్లో మొత్తం చదివి వినిపించాను. జ్వరం దగ్గర నవ్వాడు. పేడ దగ్గర ఇంకోసారి చదవమన్నాడు. 

"ఎట్లుంది?" అన్నాను.

"కత ఆఖరు మంచిగ లేదు" అన్నాడు. "నా పేరు మీదనే ఆడుత అన్నది, నిజమే. గని 'ముందుగాల ఏడాది గీడ ఉంట, మీరంత నన్ను ఏమని పిలుస్తరో సూస్త, పాస్‌పోర్టు సంగతి అప్పుడు సెప్త' అని గూడ అన్నది. క్యాంపోళ్లకు గూడ గదే సెప్పింది. నువ్వు నా పక్కనే కూసున్నవు, రెండు చెవులతోని విన్నవు. గా ముక్క ఎందుకు కోసినవు? రాయి."